పాత రెక్టరీ వెనక గోడకి సున్నం పూయించడం: నా అనుభవం

2023 అక్టోబర్‌లో మేము ఇంగ్లండులో, నార్ఫోక్ కౌంటీలోని ఒక చిన్న ఊళ్లో పాత రెక్టరీ, అంటే ఒకప్పుడు చర్చి ప్రీస్టు ఉన్న ఇల్లు, కొన్నాం. దాని వెనక గోడకి ఉన్న సిమెంటు పూత తీయించి సున్నం పూయించే పని 2025 సెప్టెంబర్‌లో అయింది. గోడ మీద మేస్త్రీలు పనిచేసింది ఒక్క వేసవి. మిగతా కాలమంతా అనుమతులు, పాత కాగితాలు, గబ్బిలాలు, చలికాలం పోయేదాకా ఆగడం. ఇక్కడ పాత లిస్టెడ్ ఇళ్ల మీద (చారిత్రక కట్టడాలుగా ప్రభుత్వ జాబితాలో ఉన్నవి) మనసు పడుతున్న మనవాళ్లు నాకు తెలిసి కొందరున్నారు. కొనేముందు మాకెవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి, మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

ఊరి చర్చికి బాధ్యుడైన ప్రీస్టు కాపురముండటానికి ఉన్న ఇల్లు ఇది. ఊళ్లో పండిన పంటలో పదో వంతు చర్చికి ఇవ్వాలి, దాన్ని టైద్ అనేవాళ్లు. ఆ పదో వంతు మొత్తం దక్కే ప్రీస్టు రెక్టరు. ధాన్యం మీద వచ్చే పెద్ద వాటా ఏ జమీందారుకో పోయి, చిల్లర వాటా మాత్రమే మిగిలే ప్రీస్టు వికారు. మా రెక్టరుకి టైద్‌తో పాటు గ్లీబ్ అనే చర్చి మాన్యం కూడా ఉండేది. ఇంటి సైజులో ఆ డబ్బు కనిపిస్తుంది.

రోడ్డు మీంచి చూస్తే తెల్ల ఇటుకల ముందు గోడ, నడిమధ్య తలుపు, అటూ ఇటూ ఒకే కొలతలో పైకీ కిందికీ జరిగే శాష్ కిటికీలు, పైన వాలు తక్కువ పలకరాతి కప్పు. చక్కటి 1820ల ఇల్లు అనుకుంటాం. వెనక్కి తిరిగి వెళ్తే వేరే ఇల్లు. కప్పు నిటారుగా ఉంటుంది, ఎర్ర పెంకులు. అంత నిటారు వాలు ఉందంటే ఒకప్పుడు అది రెల్లు కప్పు అన్నమాట. ముందు గదుల్లో కప్పు పదకొండడుగుల ఎత్తు, వెనక వంటింట్లో మా వారి తల దూలానికి తగులుతుంది. ఈ రెండు ఇళ్లనీ కలుపుతూ నడవాలో మూడు మెట్లు. నేలలు సమానంగా లేవు, కలిపేవాళ్లు సమానం చేయడానికి ప్రయత్నించనూ లేదు.

పక్క గోడలో ఒక కిటికీ ఉత్తుత్తిది, లోపల ఇటుకే. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అది కిటికీ పన్ను ఎగ్గొట్టడానికి మూసేసిందని చెబుతారు. ఆ పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉంది. కానీ దగ్గరికి వెళ్లి చూస్తే, మూసిన చోటి ఇటుకలు చుట్టూ ఉన్న గోడ ఇటుకలతో వరస తప్పకుండా కలిసిపోయి ఉన్నాయి. తర్వాత మూసి ఉంటే అంచు వెంట నిలువుగా అతుకు కనపడాలి. అంటే కట్టినరోజే దాన్ని మూసి కట్టారు, గోడ ఒడ్డూపొడుగూ అందంగా కుదరడానికి. ఈ ఇంటి గురించి ఎవరేం చెప్పినా ముందు గోడని అడగాలని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక కొనడం. మాకు నిద్ర లేకుండా చేసింది చాన్సెల్ రిపేర్ బాధ్యత. చర్చిలో తూర్పు వైపు, బలిపీఠం ఉండే భాగం చాన్సెల్. దాని మరమ్మతు పూర్వం రెక్టరు బాధ్యత. రెక్టరు హక్కులతో కలిసి వచ్చిన కొన్ని భూములకి ఆ బాధ్యత కూడా అంటుకుని ఈనాటిదాకా వచ్చింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో ఊళ్లో ఒక పొలం ఉన్న కుటుంబాన్ని అక్కడి చర్చి మరమ్మతు ఖర్చు అడిగితే, కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా (అప్పట్లో అదే పై కోర్టు) వెళ్లి 2003లో కుటుంబం ఓడిపోయింది. రెక్టరీ అనే పేరు వినగానే నాకు అదే గుర్తొచ్చింది. మా సొలిసిటరు, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరు, ఓపిగ్గా చెప్పారు: రెక్టరు ప్రీస్టే అయిన ఊళ్లలో ఆ భారం 1923లోనే చర్చి కౌన్సిల్‌కి మారిపోయింది, ప్రమాదమంతా రెక్టరు హక్కులు మామూలు గృహస్థుల చేతిలోకి పోయిన చోట్ల. అయినా ఒక సెర్చ్ చేయించి, చిన్న ఇన్సూరెన్స్ తీసుకున్నాం. రెండూ కలిపి వంద పౌండ్లు కూడా కాలేదు. మనశ్శాంతికి అది చాలా చవక.

దస్తావేజులో 1960ల్లో చర్చి అమ్మినప్పటి షరతులు ఇంకా ఉన్నాయి. పేరుకి ముందు ‘ఓల్డ్’ లేకుండా రెక్టరీ అని బోర్డు పెట్టకూడదు. చర్చి ప్రార్థనలకి ఇబ్బంది కలిగించే పనేదీ చేయకూడదు. ఇవి మాకు ఇబ్బంది కాదు. ఇబ్బంది లోను దగ్గర వచ్చింది. వాల్యుయేషన్ రిపోర్టులో ‘వెనక భాగం చెక్క చట్రం, తడికె మీద మట్టి’ అని చూడగానే ఒక బ్యాంకు వెనక్కి తగ్గింది. ఇంకో బ్యాంకు ఒప్పుకునేసరికి దాదాపు ఆరు వారాలు పోయాయి. మామూలు ఇన్సూరెన్స్ కంపెనీలు కోట్ కూడా ఇవ్వలేదు, పాత ఇళ్లకి విడిగా చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు లెక్కగట్టిన తిరిగి కట్టే ఖర్చు మేము ఇంటికి పెట్టిన ధర కంటే ఎక్కువ.

మొదటి చలికాలంలోనే వెనక గోడ సంగతి బయటపడింది. వంటింట్లో, దాని పక్క గదిలో నడుము ఎత్తు దాకా నెమ్ము. పెయింటు పొక్కులు లేచి రాలిపోయేది, గోడ మీద తెల్లగా ఉప్పు పూసేది, అల్మరాలో బట్టలకి ఆ వాసన పట్టేది. బయట ఆ గోడకి 1970ల్లో వేసిన గట్టి సిమెంటు పూత ఉంది. దాని పగుళ్లలోంచి వాన నీళ్లు లోపలికి పోతున్నాయి, బయటికి రావడానికి దారి లేదు. నెమ్ము చూడటానికి వచ్చిన ఒక కంపెనీ మనిషి గోడకి రంధ్రాలు చేసి రసాయనం ఎక్కిస్తామని, నాలుగు వేల పౌండ్లకి పైన అంచనా ఇచ్చి వెళ్లాడు. చెక్క చట్రం, మట్టి గోడలో రంధ్రాలు చేసి ఏం ఎక్కిస్తారో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి బందరులో ఉన్న నాన్నగారికి వీడియో కాల్‌లో గోడ చూపించాను. మా తాతగారి ఇల్లు గుల్ల సున్నంతో కట్టింది. “సున్నం ఉండాల్సిన గోడకి సిమెంటా? ఎవరు చెప్పారమ్మా వాళ్లకి? లోపలి చెమ్మ ఎటు పోతుంది?” అన్నారు. తర్వాత ఇక్కడ పాత ఇళ్ల సర్వేయరు ఒకాయన వచ్చి, ఫీజు తీసుకుని, రాతపూర్వకంగా చెప్పింది కూడా అదే మాట. 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం, ఎస్‌పీఏబీ అంటారు, వాళ్ల సలహా కూడా అదే దారిలో ఉంటుంది. ముందు సిమెంటు తీయండి, గోడని ఊపిరి పీల్చుకోనివ్వండి, తర్వాత చూడండి అని.

కానీ మా ఇష్టానికి తీయడానికి లేదు. ఇల్లు గ్రేడ్ 2 లిస్టెడ్. చాలామంది ముందు గోడ ఒక్కటే లిస్టయిందనుకుంటారు. లోపలి మెట్లు, తలుపులు, పొయ్యి గూళ్లతో సహా మొత్తం ఇల్లు లిస్టులో ఉన్నట్టే. ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న బండిశాల, తోట గోడ కూడా. ఇంటి స్వరూపం మారే పని అనుమతి లేకుండా చేస్తే అది నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు. అనుమతి అప్లికేషనుకి మాత్రం ఫీజు లేదు. ఖర్చంతా అప్లికేషనుతో జతచేయాల్సిన కాగితాలకే.

2024 జనవరిలో స్థానిక ప్రభుత్వ కౌన్సిల్‌కి ముందస్తు సలహా కోసం రాసి, దానికి విడిగా డబ్బు కట్టాం. ఫిబ్రవరి చివర్లో అక్కడ పాత కట్టడాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసరు వచ్చారు. నేను గొడవకి సిద్ధపడి ఉన్నాను. ఆమె మాత్రం గోడ వంక తీరిగ్గా చూసి, మెట్ల దగ్గర ఆగి, పైకెళ్లి కప్పు లోపల టార్చి వేసి చూసి, “మీరు చెప్పేది నాకు సబబుగానే ఉంది. కానీ ఈ వెనక భాగం ఏమిటో, ఎందుకు మిగిలిందో ముందు నాకు కాగితం మీద చూపించండి” అన్నారు. అదే హెరిటేజ్ స్టేట్‌మెంట్. లిస్టులో మా ఇంటి వివరణ ఐదారు లైన్లే, ముందు గోడ గురించే. ఒక కన్సల్టెంటుని అడిగితే 1,900 పౌండ్లు అన్నారు. నేనే రాస్తానని మా వారికి చెప్పాను. ఈ రెండేళ్లలో నాకు బాగా నచ్చిన నిర్ణయం అదే.

మార్చి, ఏప్రిల్ నెలల్లో సెలవు దొరికినప్పుడల్లా నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసుకి వెళ్లాను. కార్డు ముందే చేయించుకోవాలి, కావలసిన కాగితాలు ముందే చెప్పి పెట్టుకోవాలి. పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ మాత్రమే. ఫోటోలు తీసుకోవాలంటే రుసుము కట్టాలి. అక్కడి సిబ్బంది ఎంత సాయం చేశారంటే, ఏ పేరుతో వెతకాలో తెలియని నాకు ఏ కట్ట తర్వాత ఏ కట్ట అడగాలో వాళ్లే చెప్పారు. ఇళ్ల చరిత్ర వెతికేవాళ్లకి రెక్టరీ ఒక అదృష్టం. మామూలు రైతు ఇంటికి ఇన్ని కాగితాలు ఉండవు. రెక్టరీ ఆ ప్రీస్టు సొంతం కాదు, ఆయన పదవిది. కాబట్టి చేతులు మారిన ప్రతిసారీ, అప్పు చేసిన ప్రతిసారీ బిషప్ ఆఫీసులో ఒక కాగితం మిగిలింది.

మొదట దొరికినవి గ్లీబ్ టెరియర్లు, అంటే చర్చి మాన్యం, ఇల్లు, కొట్టాల జాబితాలు. పద్దెనిమిదో శతాబ్దపు జాబితాలో మా ఇల్లు మట్టి గోడలు, రెల్లు కప్పుతో ఉంది. వంటగది, పాలగది, బీరు కాచే గది, ఒక పార్లరు. తర్వాతి జాబితాలో పెంకులు వచ్చాయి. ఆ చేతిరాత చదవడానికి మొదట్లో ఒక్కో లైనుకి చాలాసేపు పట్టేది. అలవాటయ్యాక కళ్లు వాటంతటవే పరిగెత్తాయి.

ఆ తర్వాత దొరికిన కట్ట కోసమే ఇదంతా రాస్తున్నానేమో. 1776లో గిల్బర్ట్ చట్టం అని ఒకటి వచ్చింది. దాని ప్రకారం రెక్టరు తన పదవి ఆదాయాన్ని తాకట్టు పెట్టి, రెండేళ్ల నికర ఆదాయానికి మించకుండా అప్పు తెచ్చి, ఇల్లు కట్టుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు. అప్పు మనిషిది కాదు. ఆయన పోయినా, బదిలీ అయినా, తర్వాత వచ్చే రెక్టరు వాయిదాలు కట్టుకుంటూ పోవాలి. బిషప్ ఒప్పుకోవాలంటే ప్లాను, అంచనా, పాత ఇల్లు ఏ స్థితిలో ఉందో చెప్పే పత్రం ఇవ్వాలి. మా ఇంటికి 1826లో అలాంటి తాకట్టు జరిగింది. అప్పిచ్చింది క్వీన్ ఆన్స్ బౌంటీ, ఆదాయం చాలని ప్రీస్టుల కోసం 1704లో పెట్టిన నిధి. కట్ట విప్పితే లోపల మా ఇంటి ప్లాను ఉంది. కొత్తగా కట్టేది లేత గులాబీ రంగులో, ఉంచేసేది బూడిద రంగులో. నేను రోజూ టీ పెట్టుకునే వంటిల్లు అక్కడ బూడిద రంగులో ఉంది. పక్కన సన్నటి చేతిరాతతో, పాత వంటగది, వెనక గదులు అలాగే ఉంచాలి అని ఒక ముక్క.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా చెప్పాలంటే, ఆ ఒక్క ముక్కతో ఆఫీసరు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. రెండేళ్ల ఆదాయం అనే హద్దు ఉంది కాబట్టి మా రెక్టరు మొత్తం పడగొట్టి కట్టలేకపోయాడు. డబ్బు వచ్చినంత మేర ముందు భాగం కట్టి, వెనకది వదిలేశాడు. డబ్బున్న చోట అలా జరగలేదు. ఇదే నార్ఫోక్‌లో నౌకాదళాధిపతి నెల్సన్ పుట్టిన బర్న్‌హామ్ థార్ప్ రెక్టరీ ఇప్పుడు లేదు. హాంప్‌షైర్‌లో నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ పుట్టిన స్టీవెంటన్ రెక్టరీని కూడా 1820ల్లో తీసేసి ఎదురుగా కొత్తది కట్టారు. మా వెనక గోడని బతికించింది అప్పు పరిమితి.

అదే ప్లానులో చదువుగదికి పక్క నుంచి విడిగా ఒక తలుపు ఉంది. ఇప్పుడది మేము బూట్లు విడిచే చోటు. పెళ్లి చీటీకో, టైద్ కట్టడానికో వచ్చిన ఊరివాళ్లు ఇంట్లోవాళ్ల గదుల్లోంచి వెళ్లకుండా నేరుగా రెక్టరు దగ్గరికి పోవడానికి పెట్టిన తలుపు అది. ఈ కౌంటీలోనే వెస్టన్ లాంగ్‌విల్‌లో 1776 నుంచి 1803లో చనిపోయేదాకా ఉన్న రెక్టరు జేమ్స్ వుడ్‌ఫర్డ్ రాసుకున్న డైరీలో, టైద్ కట్టడానికి వచ్చిన రైతులకి ఇంట్లో విందు పెట్టి పంపే రోజు ఏటా వస్తుంది. మా చదువుగది తలుపు గడప మధ్యలో అరిగి గుంట పడి ఉంది. అంతకుముందు దాన్ని చూసీ చూడనట్టు దాటేదాన్ని.

ఇంటికొచ్చి ఇవన్నీ చెబుతుంటే నాన్నగారు, “మా కాలేజీ పెట్టిన దొర కూడా ఇలాంటి ఇంట్లో పుట్టినవాడే” అన్నారు. ఆయన బందరు నోబుల్ కాలేజీలో చదువుకున్నారు. 1843లో ఆ విద్యాసంస్థని మొదలుపెట్టిన రాబర్ట్ నోబుల్ లెస్టర్‌షైర్‌లోని ఫ్రిస్బీ అనే పల్లెలో వికారు కొడుకు. అప్పటిదాకా నా రెక్టరీ పిచ్చిని ఓపిగ్గా విన్న నాన్నగారు, ఆ రోజు నుంచి తనే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టారు.

పనికొచ్చిన కాగితం ఇంకొకటుంది. రెక్టరు చనిపోయినా, వెళ్లిపోయినా, ఇంట్లో చేయకుండా వదిలేసిన మరమ్మతుల ఖర్చు ఆయన గానీ ఆయన వారసులు గానీ కట్టాలి. దాన్ని డిలాపిడేషన్స్ అంటారు. 1871 చట్టం తర్వాత అధికారిక సర్వేయరు వచ్చి జాబితా రాసేవాడు. 1880ల్లో మా రెక్టరు ఒకాయన పోయినప్పుడు ఆ బిల్లు ఆయన భార్యకి వచ్చింది. 1836 చట్టంతో టైద్ డబ్బు రూపంలోకి మారి, గోధుమ, బార్లీ, ఓట్ల ఏడేళ్ల సగటు ధరకి ముడిపడింది. 1870ల చివర్నుంచి ధాన్యం ధరలు పడిపోతే రెక్టర్ల ఆదాయమూ పడిపోయింది. ఇల్లు మాత్రం అంతే పెద్దది. భర్త పోయిన దుఃఖంలో ఉండి, ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ బిల్లు కట్టిన ఆవిడ గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ జాబితాలో ఒక లైను: వెనక గోడ పూత ఊడింది, సున్నం, వెంట్రుకలు కలిపి మళ్లీ పూయాలి. మేము అడుగుతున్నదీ అదే. ఆ లైను ఫోటో అప్లికేషనులో మొదటి పేజీలోనే పెట్టాను.

తర్వాతి కథ చాలా రెక్టరీల కథే. 1948లో క్వీన్ ఆన్స్ బౌంటీ, ఎక్లీజియాస్టికల్ కమిషనర్లు కలిసి చర్చ్ కమిషనర్స్ అనే, చర్చి ఆస్తులు చూసే ఒకే సంస్థ అయ్యాయి. నాలుగైదు ఊళ్లకి ఒకే ప్రీస్టు వచ్చారు, ఆయనకి చిన్న కొత్త ఇల్లు కట్టి పెద్దవి అమ్మేశారు. మాదీ అలాగే 1960ల్లో చేతులు మారింది.

గబ్బిలాల సంగతి వేరే. వెనక కప్పు చూరు దగ్గర పని ఉంది కాబట్టి గబ్బిలాల సర్వే కావాలన్నారు. ఇక్కడ అన్ని గబ్బిలాలకీ చట్టం రక్షణ ఉంది. మార్చిలో ఒకావిడ వచ్చి అటక మీద రెట్టలు చూశారు. సాయంత్రం పూట బయటికి ఎగరడం చూసే సర్వే మాత్రం మే నుంచి సెప్టెంబర్ మధ్యలోనే చేయాలి. ఆ నెలలు దాటిపోతే మళ్లీ ఏడాది ఆగడమే. ఇలాంటి ఇల్లు కొనేవాళ్లు తారీఖుల్లో అన్నిటికంటే ముందు రాసుకోవాల్సింది ఇదే. మా అటక మీద పొడుగు చెవుల గబ్బిలాలు కొన్ని ఉన్నాయి, పని జరిగే వైపు కాదు. చూరు బోర్డులు చలికాలం ముందు కదపకూడదు, ఒక సందు మూయకూడదు అనే షరతులతో సరిపోయింది. రిపోర్టులకి 1,300 పౌండ్లు.

ఆగస్టు మొదట్లో అప్లికేషను పెట్టాం. స్వీకరించడానికే రెండు వారాలు పట్టింది. గేటుకి నోటీసు కట్టారు, 21 రోజులు ఎవరైనా అభిప్రాయం చెప్పొచ్చు. పారిష్ కౌన్సిల్ (మన ఊరి పంచాయతీ లాంటిది) మీటింగులో మా గోడ గురించి మాట్లాడతారని తెలిసి ఆ రాత్రి మా ఇద్దరికీ టెన్షన్. తీరా చూస్తే, పక్కింటి పెద్దాయన తన చిన్నప్పుడు ఆ గోడ తెల్లగా ఉండేదని లేచి చెప్పారట. ఎనిమిది వారాల్లో రావాల్సిన జవాబు నవంబర్ చివరికి వచ్చింది. ఒప్పుకున్నారు, షరతులతో. సున్నం నమూనా గోడ మీద పూసి చూపించాలి, అనుకోనిది ఏదైనా బయటపడితే పని ఆపి చెప్పాలి.

నవంబర్‌లో అనుమతి వచ్చినా లాభం లేదు. మంచు పడితే పచ్చి సున్నం గడ్డకట్టి రాలిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలకి వేసవి ఏడాది ముందే నిండిపోతుంది. అదృష్టం కొద్దీ జూన్ నెల నుంచి మాది పెట్టుకున్నాయన దొరికారు, సిమెంటు తీయడం మాత్రం ఏప్రిల్‌లో మొదలుపెడతానన్నారు. ఆ చలికాలం కూడా పొక్కుల గోడతోనే గడిపాం.

సిమెంటు తీయడం మొదలైన రోజు ఇంట్లో ఉన్నాను. ఉలి పెట్టి నెమ్మదిగా తట్టుతుంటే కొన్నిచోట్ల పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చేసింది. దాని వెనక గోడ తడిగా, నల్లగా ఉంది. కింది దూలం ఒక మూల చేత్తో నలిపితే పొడి అయింది. అందులో కొత్త ఓక్ ముక్క అతికించాల్సి వచ్చింది. నడుము ఎత్తుకి పైన మాత్రం చెక్క చట్రం రాయిలా గట్టిగా ఉంది. కట్టెల మధ్య అల్లిన పుల్లలు, వాటి మీద గడ్డి కలిపిన మట్టి. ఒకచోట ఆ మట్టిలో నాలుగు వేళ్ల గుర్తులు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి. మేస్త్రి నన్ను పిలిచి చూపించి, తన చెయ్యి దాని మీద పెట్టలేదు, పక్కన పెట్టి చూపించారు.

మే మధ్యలో అనుకోనిది బయటపడింది. పై గది దగ్గర చట్రంలో ఒక మూసిన కిటికీ. అందులో నిలువుగా ఓక్ కడ్డీలు, అడ్డంగా కోస్తే డైమండ్ ఆకారంలో ఉంటాయి, కింద చెక్క తలుపు జరగడానికి ఒక గాడి. అద్దం లేని కిటికీలకి అలా చేసేవాళ్లు. పల్లెటూళ్లలో అద్దాలు మామూలు కాకముందు. అంటే వెనక భాగం అందరూ అనుకున్న పదిహేడో శతాబ్దం కంటే పాతది కావచ్చు. షరతు ప్రకారం పని ఆపి ఆఫీసరుకి ఫోటోలు పంపాం. పరంజా అద్దె వారం వారం పెరుగుతోంది, ఆమె రావడానికి దాదాపు మూడు వారాలు. వచ్చాక మాత్రం పరంజా ఎక్కి, ఆ కడ్డీల ముందు చాలాసేపు నిలబడిపోయారు. దేన్నీ తీయడం లేదు కాబట్టి కొత్త అప్లికేషను అక్కర్లేదు, కొలతలు, ఫోటోలు రికార్డు చేసి, లోపలి వైపు కనపడేలా వదిలి, బయట పూత వేసుకోండి అన్నారు.

జూన్ నుంచి సున్నం. మేక వెంట్రుకలు కలిపిన ముద్దని గోడ తడిపి, తాపీతో ఒత్తి ఒత్తి పూశారు. మూడు పూతలు, ఒక్కోదానికి మధ్య రెండు మూడు వారాలు. 2025 వేసవి ఇక్కడ బాగా ఎండలు కాసింది. సున్నం తొందరగా ఆరిపోతే పగిలిపోతుంది. అందుకని గోడకి గోనె పట్టాలు వేలాడదీసి, పొద్దున, సాయంత్రం మేము నీళ్లు చిలకరించేవాళ్లం. పని నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నీళ్ల పైపు పట్టుకునేదాన్ని. ఆఖర్న సున్నపు నీళ్లు, కొంచెం పసుపు మట్టి రంగు కలిపి, ఐదు సార్లు పూశారు.

డబ్బు సంగతి. గోడ పని, ఓక్ మరమ్మతు, పరంజా కలిపి 38,000 పౌండ్లు దాటింది. అనుకున్నది 30,000. ఆర్కిటెక్టు డ్రాయింగులకి 2,600. వీటి మీద 20 శాతం వ్యాట్. కొత్త ఇల్లు కట్టుకుంటే వ్యాట్ ఉండదు. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకి ఒకప్పుడు ఉన్న మినహాయింపుని కూడా 2012 అక్టోబర్‌లో తీసేశారు, మరమ్మతులకి అసలెప్పుడూ లేదు. పాత ఇంటిని నిలబెట్టేవాళ్ల మీద పన్ను, పడగొట్టి కట్టేవాళ్లకి మినహాయింపు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మీ అంచనాలో నాలుగో వంతు అదనంగా పెట్టుకోండి, వ్యాట్ కలిపే లెక్కేసుకోండి.

గోడ ఆరడానికి ఇంకా టైం పడుతుంది. అంగుళం మందానికి నెల అని మేస్త్రి లెక్క. లోపలి వైపు ఇప్పుడే పెయింటు వేయొద్దన్నారు. వంటింట్లో ఆ వాసన మాత్రం ఆగస్టు నుంచే తగ్గింది. షరతులన్నీ పూర్తయినట్టు కౌన్సిల్ ఉత్తరం అక్టోబర్ మొదటివారంలో వచ్చింది. ఆ ఉత్తరం, మేస్త్రి బిల్లులు, సున్నం పాళ్లు రాసిన కాగితం జాగ్రత్తగా దాచాలి, రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటరు ముందు అడిగేవి అవే. నా హెరిటేజ్ స్టేట్‌మెంట్‌ని, కిటికీ కొలతల్ని కౌంటీ చారిత్రక రికార్డుకి పంపించాను. ఇక ముందు భాగంలో శాష్ కిటికీల పని ఉంది. కుళ్లిన చెక్క ఉన్నంతవరకు కోసి, అదే కొలతలో కొత్తది అతికి, అలలు అలలుగా కనిపించే పాత అద్దాన్ని అలాగే ఉంచితే దానికి అనుమతి అక్కర్లేదని ఆఫీసరు ఈమెయిల్‌లో రాసి ఇచ్చారు. వడ్రంగి మార్చిలో వస్తానన్నాడు.